గెఫీ రివ్యూ: ఆన్‌లైన్ కమ్యూనిటీల మీద రిసెర్చ్ చేసేవాళ్ళ కోసం

సోషల్ నెట్‌వర్క్‌ల మీద రిసెర్చ్ మొదలుపెట్టినవాళ్ళు మొదటి ఏడాదిలోనే ఏదో ఒక రోజు గెఫీ డౌన్‌లోడ్ చేసుకుంటారు. రిసెర్చ్ పేపర్లలో కనపడే ఆ రంగురంగుల చుక్కల గుత్తులు, వాటి మధ్య సాలెగూడులా అల్లుకున్న గీతలు చూసి, ఇది దేంతో గీశారో అని వెతికితే చాలాసార్లు తేలేది ఈ పేరే. నేను నాలుగేళ్లుగా వాడుతున్నాను. నా థీసిస్ ఒక ఆన్‌లైన్ సహాయ బృందం మీద, అంటే ఒకళ్ళు సమస్య చెప్పుకుంటే మిగతావాళ్ళు జవాబిచ్చే గ్రూపు మీద. అక్కడ ఎవరు ఎవరికి జవాబిస్తారు, కొత్తవాళ్ళు ఎలా నిలదొక్కుకుంటారు, గొడవొస్తే ఎవరు ఎటు జరుగుతారు అన్నవి నా ప్రశ్నలు. ఈ పనిలో గెఫీ నాకు ఎంత ఉపయోగపడిందో చెప్పలేను, కానీ దీంతో పని చేస్తూనే నేనొక పెద్ద తప్పు కూడా చేశాను, అది చేయకుండా ఉండాలంటే ఏం తెలిసుండాలో ఆ రోజు నాకెవరూ చెప్పలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకైనా పనికొస్తుందని ఇంత వివరంగా రాస్తున్నా. ఐదుకి నాలుగు స్టార్లు.

ముందు అసలు ఇదేంటో. గెఫీ నెట్‌వర్క్‌లని బొమ్మ గీసి (మనుషులు చుక్కలు, వాళ్ళ మధ్య సంబంధాలు గీతలు), లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్. పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్, ఫ్రాన్స్‌లోని కొంపియేన్ టెక్నాలజీ విశ్వవిద్యాలయం విద్యార్థులు మొదలుపెట్టిన ప్రాజెక్టు. మాథ్యూ బాస్టియాన్, సెబాస్టియన్ హేమాన్, మాథ్యూ జాకోమీ కలిసి 2009లో రాసిన చిన్న పేపర్‌నే ఇప్పటికీ అందరం ఉదహరిస్తాం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. పాత వెర్షన్లకి జావా విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాల్సి వచ్చేది, 2022లో వచ్చిన 0.9.3 నుంచి దాంతోపాటే వస్తోంది, కాబట్టి పాత ట్యుటోరియల్స్‌లో జావా గురించి పేజీలకి పేజీలు ఉంటే చూసి టెన్షన్ పడకండి, వదిలేయండి.

డేటా ఎక్కించడం తేలిక. ఒక సీఎస్‌వీ ఫైల్, అందులో సోర్స్, టార్గెట్ అని రెండు కాలమ్స్ ఉంటే చాలు. నా విషయంలో జవాబు రాసినవాళ్ళు సోర్స్, ఎవరికి రాశారో వాళ్ళు టార్గెట్. ఒకే మనిషికి పదిసార్లు రాస్తే వెయిట్ అనే మూడో కాలమ్‌లో 10. ఇంపోర్ట్ చేసేటప్పుడు గీతలకి దిశ ఉందా లేదా అని, అంటే డైరెక్టెడా అన్‌డైరెక్టెడా అని అడుగుతుంది. ఇక్కడ తొందరపడి ఓకే కొట్టేయొద్దు. సహాయం అడిగేవాళ్ళ గుంపులో దిశే ప్రాణం, ఎందుకంటే ఎప్పుడూ జవాబులే ఇచ్చేవాళ్ళూ, ఎప్పుడూ అడిగేవాళ్ళూ దిశ తీసేస్తే ఒకేలా కనిపిస్తారు. అలాగే పేర్లు తెలుగులో ఉంటే ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి, ప్రివ్యూలో ఫాంట్ కూడా తెలుగు అక్షరాలున్నదే పెట్టుకోండి.

ఆ తర్వాత జరిగేది నాకిప్పటికీ ఇష్టమే. ఓవర్‌వ్యూ ట్యాబ్‌లో మొదట కనపడేది చుక్కలూ గీతలూ కలిసిపోయిన నల్లటి ముద్ద. లేఅవుట్‌లో, అంటే ఏ చుక్క ఎక్కడ ఉండాలో తేల్చే చోట, ఫోర్స్‌అట్లాస్2 ఎంచుకుని రన్ నొక్కగానే ఆ ముద్ద కదులుతుంది. ముందు ఒక్కసారిగా ఉబ్బుతుంది, తర్వాత ఒక మూల నుంచి కొన్ని చుక్కలు విడిపోయి పక్కకి జరుగుతాయి, ఇంకో మూల మరో గుత్తి ఏర్పడుతుంది, రెంటినీ కలుపుతూ మధ్యలో ఒకటో రెండో చుక్కలు అటూ ఇటూ లాగబడుతూ వణుకుతుంటాయి. నెలల తరబడి వరుసలు వరుసలుగా చూసిన డేటా మొదటిసారి ఒక ఆకారంలో కనపడితే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. నేను ఆ రోజు రాత్రి చాలాసేపు రన్ ఆపలేదు. (అది దానంతట అది ఆగదు, మనం స్టాప్ నొక్కేదాకా నడుస్తూనే ఉంటుంది. ఎక్కడ ఆపాలన్నది మన నిర్ణయమే, ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.)

లోపల జరిగేది చాలా సరళం. ప్రతి చుక్కా మిగతా అన్ని చుక్కలనీ తోసేస్తుంది, గీత ఉన్న చుక్కలు మాత్రం స్ప్రింగ్ కట్టినట్టు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. తోపుడూ లాగుడూ సర్దుకున్న చోట చుక్క నిలుస్తుంది. దీని వివరాలన్నీ తయారుచేసినవాళ్ళే 2014లో ప్లాస్ వన్ పత్రికలో రాశారు, చదవడానికి కష్టమేమీ కాదు, దయచేసి చదవండి. అది చదివితే అర్థమయ్యేది ఏంటంటే, ఈ బొమ్మలో ఎడమా కుడీ, పైనా కిందా అన్నవాటికి ఏ అర్థమూ లేదు. ఒక్క చుక్క ఎక్కడుందో చూసి ఏమీ చెప్పలేం, మిగతావాటితో పోలిస్తే ఎక్కడుందన్నదే లెక్క. మళ్ళీ మొదటి నుంచి రన్ చేస్తే మొత్తం బొమ్మ తిరగబడి రావచ్చు. సెమినార్లలో మాత్రం "చూడండి, వీళ్ళు అంచున ఉన్నారు, వీళ్ళకి ప్రాధాన్యం లేదు" అని వేలు పెట్టి చూపించేవాళ్ళని ఎందర్నో చూశాను. అంచున పడటానికి గీతలు తక్కువ ఉండటం ఒక కారణం కావచ్చు, చుక్కలన్నిటినీ మధ్యకి లాగే గ్రావిటీ అనే సెట్టింగ్ తగ్గించడం ఇంకో కారణం కావచ్చు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు సొంత డేటా ముట్టుకోకముందు కరాటే క్లబ్ డేటా తెరిచి ఒక పూట దాంతో గడపమని నా సలహా. జీఎంఎల్ ఫైల్‌గా దొరుకుతుంది, గెఫీ నేరుగా తెరుస్తుంది. వేన్ జాకరీ అనే మానవశాస్త్ర పరిశోధకుడు 1970 నుంచి 1972 దాకా అమెరికాలో ఒక యూనివర్సిటీ కరాటే క్లబ్‌ని గమనించి 1977లో ప్రచురించిన నెట్‌వర్క్ అది. 34 మంది, 78 గీతలు. క్లబ్ బయట కూడా కలిసి తిరిగేవాళ్ళ మధ్యే గీత. ఫీజు విషయంలో శిక్షకుడికీ క్లబ్ అధ్యక్షుడికీ పడక చివరికి క్లబ్ రెండుగా చీలిపోయింది. ఎవరు ఎటు వెళతారో జాకరీ కేవలం ఆ గీతల బలాన్ని బట్టి లెక్కకట్టాడు, ఒక్కరు తప్ప అందరూ సరిగ్గా సరిపోయారు. ఇప్పుడు అదే డేటాని గెఫీలో పెట్టి మాడ్యులారిటీ, అంటే చుక్కలని గుంపులుగా విడదీసే లెక్క, రన్ చేయండి. మామూలుగా నాలుగు గుంపులు వస్తాయి. నిజంగా చీలింది రెండుగా, లెక్క చెప్పేది నాలుగు. రెండూ తప్పు కాదు, అడిగిన ప్రశ్నలే వేరు. మాడ్యులారిటీ వెతికేది గీతలు ఎక్కడ చిక్కగా ఉన్నాయని, క్లబ్ సభ్యుల ముందున్న ప్రశ్న ఈయన వెంట వెళ్ళాలా ఆయన వెంట వెళ్ళాలా అని.

ఆ తప్పిపోయిన ఒక్క మనిషి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నా పని పద్ధతి మారింది అతని వల్లే. డేటాలో తొమ్మిదో నంబరు. గీతల ప్రకారం అధ్యక్షుడి వర్గంలోకి వెళ్ళాల్సినవాడు శిక్షకుడి వెంట వెళ్ళాడు. కారణం జాకరీయే రాశాడు, అతనికి బ్లాక్ బెల్ట్ పరీక్ష మూడు వారాల్లో ఉంది, అవతలికి వెళితే అప్పటిదాకా సంపాదించుకున్నది వదులుకోవాలి. ఆ మూడు వారాలు ఏ గీతలోనూ ఉండవు. జాకరీ క్లబ్బులో ఉండి గమనించాడు కాబట్టి ఆయనకి తెలిసింది. ఫైల్ మాత్రమే డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళకి తొమ్మిదో నంబరు ఒక చుక్క, అంతే.

ఇక నా తప్పు. నా గ్రూపు డేటాలో రెండు వేల లోపు మనుషులు. మాడ్యులారిటీ రన్ చేస్తే ఏడు గుంపులు వచ్చాయి, ఏడు రంగులు వేశాను, ఒక్కో గుంపులో ఎవరున్నారో చూసి పేర్లు పెట్టుకున్నాను. ఒకటి పాతకాపులది, ఒకటి కొత్తవాళ్ళని చేరదీసేవాళ్ళది, అలా. ఆ ఏడు పేర్ల మీద ఒక చాప్టర్ మొత్తం రాసేశాను. మా గైడ్ మేడమ్ చదివి ఒకే ఒక ప్రశ్న అడిగారు. "ఇది ఎన్నిసార్లు రన్ చేశావు?" ఒక్కసారే మేడమ్ అన్నాను. "నా ముందే ఇంకోసారి నొక్కు" అన్నారు. నొక్కాను. తొమ్మిది గుంపులు వచ్చాయి. నేను పాతకాపులు అని పేరు పెట్టుకున్న గుంపు రెండు ముక్కలై వేరు వేరు రంగుల్లోకి వెళ్ళిపోయింది. మేడమ్ కోప్పడలేదు, ఏమీ అనలేదు కూడా, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి తన పని చూసుకున్నారు. ఆ చాప్టర్‌ని మళ్ళీ మొదటి నుంచి రాశాను.

ఎందుకలా జరుగుతుందో ఇప్పుడు తెలుసు. గెఫీ మాడ్యులారిటీకి వాడేది లూవాన్ పద్ధతి, విన్సెంట్ బ్లాండెల్, ఆయన సహచరులు 2008లో ప్రచురించారు. చుక్కలని ఒక్కొక్కటిగా తీసుకుని పక్క గుంపులోకి మారిస్తే లెక్క మెరుగవుతుందా అని చూస్తూ పోతుంది. ఏ చుక్కతో మొదలుపెట్టిందన్నదాన్ని బట్టి చివరి గుంపులు మారొచ్చు. రన్ నొక్కినప్పుడు వచ్చే చిన్న విండోలో రాండమైజ్ అని ఒక టిక్ ఉంటుంది, అక్కడే రెజల్యూషన్ అని ఒక అంకె, మామూలుగా 1. ఆ అంకె మార్చితే గుంపులు పెద్దవీ చిన్నవీ అవుతాయి. పైగా మాడ్యులారిటీ అనే కొలతకే ఒక పరిమితి ఉందని ఫోర్టునాటో, బార్తెలెమీ 2007లోనే చూపించారు, పెద్ద నెట్‌వర్క్‌లో చిన్న గుంపులు విడిగా ఉన్నా వాటిని పక్కవాటితో కలిపేస్తుంది. లూవాన్‌లో ఉన్న ఇంకో ఇబ్బంది, ఒకే గుంపు అని చెప్పిన చుక్కల మధ్య ఒక్కోసారి ఆ గుంపు లోపల అసలు దారే లేకపోవడం. దాన్ని సరిచేస్తూ 2019లో లైడెన్ పద్ధతి వచ్చింది, గెఫీకి ప్లగిన్‌గా దొరుకుతుంది. నేనిప్పుడు అదే వాడుతున్నా, అది కూడా చాలాసార్లు రన్ చేసి, ప్రతిసారీ కలిసే ఉన్న మనుషుల గురించి మాత్రమే రాస్తున్నా. పని పెరిగింది, రాసే వాక్యాలు తగ్గాయి.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ రివ్యూ అసంపూర్ణం. నా మొదటి బొమ్మలో నట్టనడుమ ఒక పెద్ద చుక్క ఉండేది. సైజుని బిట్వీన్‌నెస్ ప్రకారం పెట్టుకున్నా, అంటే మిగతావాళ్ళ మధ్య అతి దగ్గరి దారులు ఎవరి మీదుగా ఎక్కువ వెళుతున్నాయో వాళ్ళు పెద్దగా కనపడతారు. ఈ కొలతకి నిర్వచనం లింటన్ ఫ్రీమన్ 1977లో ఇచ్చాడు. ఆ పెద్ద చుక్క ఎవరో గ్రూపుకి గుండెకాయ లాంటి మనిషి అనుకుని, ఇంటర్వ్యూకి పిలుద్దామని వివరాలు తీస్తే అది మనిషే కాదు. కొత్తగా ఎవరు పోస్టు పెట్టినా నియమాలు చదవమని దానంతటదే జవాబిచ్చే ఆటోమేటిక్ అకౌంట్. డేటా లేబొరేటరీ ట్యాబ్‌లోకి వెళ్ళి ఆ ఒక్క వరుస తీసేసి మళ్ళీ లేఅవుట్ నడిపితే బొమ్మ మొత్తం మారిపోయింది. ఒకే ముద్దగా ఉన్నది మూడు పాయలుగా విడిపోయింది, పెద్ద చుక్క వెనకాల దాగున్న ఒక మామూలు సభ్యురాలు మధ్యకి వచ్చారు. ఆవిడతోనే తర్వాత నేను ఎక్కువసేపు మాట్లాడింది. కొత్తవాళ్ళు అడిగిన ప్రశ్నకి తనకి జవాబు తెలియకపోతే, తెలిసిన మనిషిని పేరు పెట్టి పిలిచేవారు. ఆవిడ చేసిన పని అంతే, కానీ ఆ గ్రూపులో మూడు పాయల్ని కలిపింది ఆ పనే. ఈ విషయంలో గెఫీకి పూర్తి మార్కులు, వరుసల్లో చదువుకుంటూ పోతే ఆవిడని నేను ఎప్పటికీ పట్టుకోలేకపోయేదాన్ని.

కానీ మాట్లాడనివాళ్ళ సంగతి? ఆన్‌లైన్ గుంపుల్లో చాలామంది చదివి ఊరుకుంటారు. రిసెర్చ్‌లో వీళ్ళని లర్కర్స్ అంటారు, బ్లెయిర్ నానెకీ, జెన్నీ ప్రీస్ వీళ్ళని లెక్కపెట్టే ప్రయత్నం 2000లోనే చేశారు. సోర్స్, టార్గెట్ ఉన్న ఫైల్‌లో వీళ్ళకి చోటు లేదు. గీత లేని మనిషి ఆ ఫైల్‌లో అసలు పుట్టడు. నోడ్స్ ఫైల్, అంటే చుక్కల జాబితా, విడిగా ఎక్కిస్తే ఒంటరి చుక్కలుగా తేవచ్చు, కానీ ఒకదానికొకటి కలిసున్న అతి పెద్ద భాగాన్ని మాత్రమే ఉంచే జెయింట్ కాంపొనెంట్ ఫిల్టర్ పెట్టగానే వాళ్ళు మళ్ళీ మాయమవుతారు, బొమ్మ శుభ్రంగా ఉండాలని అందరం ఆ ఫిల్టర్ పెడతాం. నేనిప్పుడు ప్రతి బొమ్మ కింద ఎంతమందిని వదిలేశానో అంకె రాస్తున్నాను.

ఇబ్బందుల సంగతి త్వరగా చెప్పేస్తా. కంట్రోల్ జెడ్ లేదు. పొరపాటున చుక్కలు డిలీట్ చేస్తే, లేఅవుట్ చెదిరిపోతే వెనక్కి రాదు, కాబట్టి ప్రతి పెద్ద అడుగుకి ముందు వేరే పేరుతో సేవ్ చేసుకోవడం అలవాటు చేసుకోండి. బిట్వీన్‌నెస్ ఎక్కడుందో కొత్తవాళ్ళకి దొరకదు, ఎందుకంటే ఆ పేరుతో బటనే లేదు. స్టాటిస్టిక్స్‌లో నెట్‌వర్క్ డయామీటర్ రన్ చేస్తే దాంతోపాటు లెక్కకడుతుంది, నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. లక్ష చుక్కలు, పది లక్షల గీతల దాకా తట్టుకుంటుందని వాళ్ళ సైట్లో ఉంటుంది, ర్యామ్ బాగా ఉంటేనే ఆ స్థాయికి వెళ్ళండి. అంతకంటే పెద్దదైతే ఐగ్రాఫ్ లాంటి ప్రోగ్రామింగ్ లైబ్రరీలో లెక్కలు చేసుకుని, కావలసిన భాగం మాత్రమే ఇక్కడికి తెచ్చి చూడటం మేలు. కోడింగ్ అసలు రానివాళ్ళకి, ఎక్సెల్ అలవాటున్నవాళ్ళకి ఎక్సెల్‌లోనే నడిచే నోడ్ఎక్స్‌ఎల్ తేలిక. ఊరికే రుచి చూడాలంటే బ్రౌజర్‌లోనే తెరుచుకునే గెఫీ లైట్ ఉంది.

డేటా దొరకడమే ఇప్పుడు అసలు కష్టం, దానికి గెఫీ ఏమీ చేయలేదు. ట్విట్టర్ 2021లో పరిశోధకులకి ఉచితంగా తెరిచిన దారి 2023లో మూసుకుపోయింది, ఫేస్‌బుక్ పబ్లిక్ పేజీలని చూడటానికి వాడిన క్రౌడ్‌ట్యాంగిల్‌ని 2024 ఆగస్టులో ఆపేశారు. నేర్చుకోవడానికైతే స్టాన్‌ఫర్డ్ వాళ్ళ స్నాప్ సేకరణలో పేర్లు తీసేసిన ఫేస్‌బుక్ నెట్‌వర్క్ ఒకటి ఉంది, 4,039 చుక్కలు, 88,234 గీతలు. మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా హాయిగా నడుస్తుంది.

బొమ్మ బయటికి తీసేముందు ఒక్క నిమిషం ఆగండి. లేబుల్స్ ఆన్ చేసి పీడీఎఫ్ తీస్తే ప్రతి చుక్క పక్కనా మనిషి పేరు ఉంటుంది, జూమ్ చేస్తే చదవొచ్చు. పేర్లు తీసేస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. 2008లో ఒక కాలేజీ బ్యాచ్ మొత్తం ఫేస్‌బుక్ డేటాని పేర్లు లేకుండా విడుదల చేస్తే, అది హార్వర్డ్ అని కొద్ది రోజుల్లోనే బయటపడింది, మైకేల్ జిమ్మర్ 2010లో దాని మీద రాసిన పేపర్ ఈ రంగంలో అందరూ చదవాల్సినది. నా గ్రూపులోవాళ్ళు తమ కష్టాలు చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళు. మధ్యలో ఉన్న ఆవిడ చుక్క చూస్తే గ్రూపులోవాళ్ళెవరైనా గుర్తుపట్టేస్తారు, ఆకారం చాలు. అందుకే ఆవిడకి ముందు బొమ్మ చూపించి, ఒప్పుకున్నాకే థీసిస్‌లో పెట్టాను.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, మాడ్యులారిటీ రన్ చేసినప్పుడు వచ్చే రిపోర్టులో రాండమైజ్, రెజల్యూషన్ ఎంత పెట్టామో రాసుంటుంది, అది చాలా మంచి పని. లేఅవుట్‌కి మాత్రం అలాంటిది లేదు. బొమ్మని పీఎన్‌జీగానో ఎస్‌వీజీగానో బయటికి తీస్తే గ్రావిటీ ఎంత, స్కేలింగ్ ఎంత, ఎంతసేపు నడిపి ఎక్కడ ఆపాం, ఏ ఫిల్టర్‌తో ఎంతమందిని తీసేశాం, ఇవేవీ దాంతో రావు. నేను ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో చేత్తో రాసుకుంటున్నా. బొమ్మతోపాటే ఈ వివరాలు ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌గా వచ్చేలా చేస్తే, ఆ ఐదో స్టార్ కూడా ఆ రోజే ఇచ్చేస్తాను.